నెలకు 80 గంటల లెక్క

అమెరికాలోని అర్కాన్సాస్ రాష్ట్రమంటే మనవాళ్లకు బెంటన్‌విల్, అక్కడి వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం, ఐటీ ఉద్యోగాలు గుర్తొస్తాయి. 2018 జూన్‌లో అదే రాష్ట్రం పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా ‘మెడికెయిడ్‌’కు ఒక షరతు పెట్టింది. బీమా ఉండాలంటే నెలకు 80 గంటలు పనిచేయాలి. లేదంటే చదువో, శిక్షణో, స్వచ్ఛంద సేవో చూపించాలి. మొదట 30 నుంచి 49 ఏళ్లవాళ్లకు వర్తింపజేశారు. ఆ ఏడాది ముగిసేలోపే 18,000 మందికి పైగా బీమా పోగొట్టుకున్నారు.

వాళ్లంతా పని ఎగ్గొట్టినవాళ్లు కాదు. షరతు వర్తించిన వయసువాళ్లలో 95 శాతానికి పైగా అప్పటికే దాన్ని నెరవేరుస్తున్నారు, లేదా మినహాయింపుకు అర్హులు. హార్వర్డ్ పరిశోధకులు తేల్చిన సంగతి ఇది. షరతు వల్ల ఉద్యోగాలు పెరిగిన దాఖలా కూడా వాళ్లకు కనిపించలేదు.

చిక్కంతా గంటలు నమోదు చేయడంలోనే వచ్చింది. మొదట్లో ఆన్‌లైన్‌లో తప్ప మరోలా చెప్పే వీల్లేదు. దానికి ఈమెయిల్ కావాలి, పోస్టులో వచ్చిన ఉత్తరంలోని నంబరు కావాలి. రాత్రి 9 నుంచి ఉదయం 7 వరకు ఆ వెబ్‌సైటు పనిచేసేది కాదు. పగలంతా షిఫ్టులో ఉండేవాళ్లకు తీరిక దొరికేదే ఆ వేళల్లో! మూడు నెలలు లెక్క తప్పితే ఆ ఏడాదికి ఇక బీమా లేదు. కోర్టుకెక్కినవాళ్లలో కోళ్ల మాంసం ప్లాంటు కార్మికుడొకరు ఉన్నారు. ఆయన బీమా ఆగింది, మందులు ఆగాయి, జబ్బు ముదిరింది, చివరికి ఉన్న ఉద్యోగమూ పోయింది. పనిలో పెట్టడానికని తెచ్చిన నిబంధన పనిచేసే మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. 2019 మార్చిలో ఫెడరల్ జడ్జి జేమ్స్ బోస్‌బర్గ్ ఆ షరతును కొట్టేశారు.

నిరుద్యోగ భృతికీ ఇలాగే కోతలు పడ్డాయి. చాలా రాష్ట్రాల్లో 26 వారాల దాకా ఇస్తారు. నార్త్ కరోలినా 2013లో కోత పెట్టింది. అర్కాన్సాస్ 2024 నుంచి 16 వారాలను 12కు కుదించింది. మెడికెయిడ్ కోతకూ భృతి కోతకూ లంకె ఉంది. 2018 మెడికెయిడ్ నిబంధనల్లో భృతి అందుకుంటున్నవాళ్లకు గంటల లెక్క నుంచి మినహాయింపు ఉండేది. భృతి వారాలు తగ్గితే అలాంటి రక్షణ కూడా అంత త్వరగానే తీరిపోతుంది. ఉద్యోగం దొరకని మనిషికి చేతిలో డబ్బూ ఉండదు, ఆసుపత్రికి వెళ్లే ధైర్యమూ ఉండదు.

2025 జులై 4న సంతకమైన ఫెడరల్ చట్టం ఇదే 80 గంటల షరతును దేశంలో మెడికెయిడ్‌ను మరింత మంది పేదలకు విస్తరించిన రాష్ట్రాలన్నిటికీ తెచ్చింది. 2027 జనవరికల్లా అమలు కావాలి. 19 నుంచి 64 ఏళ్లవాళ్లకు వర్తిస్తుంది, మినహాయింపులు కొన్ని ఉన్నాయి. అయితే ఇందులో ఒక వెసులుబాటు ఉంది: గంటలకు బదులు నెలకు 580 డాలర్ల సంపాదన చూపినా చాలు. నిరుద్యోగ బీమా కోసం యజమానులు మూడు నెలలకోసారి పంపే జీతాల వివరాలు రాష్ట్రాల దగ్గర ఎలాగూ ఉంటాయి. కార్మికుణ్ణి కాగితాలు అడిగే ముందు అధికారులు ఆ రికార్డులు తెరిచి చూడాలి.