శరత్కాలపు తొలి వడ్డన

తాటిపాతరయు, గుట్టవాలును, పొలముగట్టును కలిసి కూర్చు ఒక్క పళ్లెము

వానలు వెనుదిరిగి, చెరువులు తేటపడి, గట్లవెంట గునుగు కంకులు తెల్లగా విరియు ఆశ్వయుజ కార్తికములయందు, అతిథికి భోజనమునకు ముందు పెట్టదగిన చిరుతిండ్లలో పెక్కింటిని తెలుగునేల ఎవ్వరును దున్ని విత్తకయే సమకూర్చుచుండగా, మన విందులలో ఆ స్థానమును నూనెలో వేగి, చైత్రమునందును మార్గశిరమునందును ఒక్క రుచియే గల పదార్థములు ఆక్రమించియున్నవి. శరత్తు పళ్లెమును కూర్పదలచినవారికి పాకచాతుర్యముకంటె కాలజ్ఞానము ముఖ్యము. ఏలయన ఇందలి మేలివస్తువులు తమ గడువునకు ముందుగాని వెనుకగాని లభింపవు.

తాటి కానుకలు

ఇందుకు తాటిచెట్టే నిదర్శనము. వేసవిలో ముంజెలకై కోయక విడిచిన కాయ భాద్రపదమునాటికి పండై రాలును. దాని టెంకలను ఇసుకలో పాతర వేయగా, గింజ మొలకెత్తుచు, లోపలి గట్టి పప్పును మెల్లమెల్లగా పీల్చుకొని పెరుగు మెత్తని తెల్లని గుంజుతో నిండును. టెంకను కత్తితో రెండు చెక్కలుగా కొట్టి తీయు ఆ తీయని పదార్థమే బుర్రగుంజు. కొట్టక విడిచినయెడల, నేలలోనికి దిగిన మొలకయే పిండి పట్టి, బలిసి, తేగ యగును. దానిని ఆకు వెలువడకముందే త్రవ్వి, కుండలో తంపట వేసి, పైపొర ఒలిచి, వేలెడంత ముక్కలుగా విరిచి వడ్డింపవలెను. నాగులచవితినాడు కోస్తా ఇల్లాండ్రు పుట్టకడ నివేదించు బుర్రగుంజు, తేగ, చిమ్మిలి, చలిమిడి అనువాని కూర్పును చూచినవారికి, ఈ పళ్లెము క్రొత్త కల్పన కాదని తెలియగలదు.

గుట్టమీది తీపి

పాలమూరు గుట్టలపై ఎవరి పోషణమును కోరక పెరుగు సీతాఫలమును చెట్టుననే పండనిచ్చినచో పక్షులపాలగును గావున, కండ్లు విచ్చి వాని నడిమి చారలు తెల్లబారిన కాయలను కోసి గడ్డిలో మాగవేయుదురు. గుజ్జును గింజలు తీసి దొన్నెలలో పెట్టుట మేలు. గింజపొడి కంటబడినచో హాని కలుగును. దీని ప్రక్కన, అనంతపురపు ఎఱ్ఱనేలలనుండి అప్పుడే పెరికిన పచ్చి వేరుసెనగకాయలను ఉప్పునీట ఉడికించి యుంచవలెను. ఈ రెండును అమెరికా ఖండమునుండి సముద్రములు దాటి వచ్చినవే యైనను, నేడు ఇవి లేని శరత్తును మనము ఊహింపజాలము.

రసముల పొందిక

చరకసంహిత సూత్రస్థానపు ఆరవ అధ్యాయము, శరత్తున పిత్తము ప్రకోపించునని చెప్పి, మధురమును తిక్తమును గల లఘువగు ఆహారమును విధించి, తైలమును పెరుగును వర్జింపుమనినది. వాగ్భటుని అష్టాంగహృదయము కషాయరసమును గూడ చేర్చినది. తీపి పళ్లెమున సమృద్ధిగా నున్నది గనుక, తెలంగాణమున వినాయకచవితికి వండు తుమ్మికూరను రవంత తరిగి పెసరపిండిలో కలిపి, నూనె తగులనీయక ఆవిరిపై కుడుములుగా ఉడికించినచో తిక్తము సిద్ధించును. వనభోజనముల ఉసిరికాయను పలుచని చెక్కలుగా కోసి ఉప్పు చల్లినచో కషాయమును లభించును. దానిపై త్రాగిన మంచినీరును తీయగానుండును.

ఏరుట యను విద్య

ఏరితెచ్చు ఆహారమునకు వండుటకంటె ఏరుటయే గొప్ప విద్య. ఆకును గిల్లవలెనేగాని మొక్కను పెరుకరాదు. పురుగుమందు చల్లిన చేనిగట్టున దేనిని ముట్టరాదు. పుట్టగొడుగులను వానిని నిశ్చయముగా నెరిగినవారు చూపిననేగాని పళ్లెమున చేర్పరాదు. ఈ విద్య పుస్తకములలోకంటె పాతరలు త్రవ్వి తేగలమ్ము వృద్ధులయొద్దను, గంపలతో గుట్టలు దిగివచ్చు స్త్రీలయొద్దను ఎక్కువగా నున్నది. పట్టణవాసి వారికడ బేరమాడక కొని, ఏ కాయ ఎన్నడు కోయదగునో అడిగి తెలిసికొనినయెడల, వచ్చు సంవత్సరపు పళ్లెమునకు సగము సన్నాహము జరిగినట్లే.