చెరువునకు కావలి యెవరు?

2024 సెప్టెంబరు 1వ తేదీన మానుకోట సీమను ముంచెత్తిన జలప్రళయమును ప్రజలు మఱవజాలరు. ఒక్క యహోరాత్రములో ఓరుగల్లు, ఖమ్మము ప్రాంతములందు కొన్నియెడల 40 సెంటీమీటర్లకు మించి వాన గురిసెను. డోర్నకలు నియోజకవర్గమునకు జేరిన మరిపెడ మండలములోని సీతారాంతండాను ఆకేరువాగు చుట్టుముట్టగా జనులు ఇండ్ల కప్పులెక్కి ప్రాణములు గాచికొనిరి. కేసముద్రము, ఇంటికన్నెల నడుమ రైలుకట్ట మన్ను కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడెను. మున్నేరు ఖమ్మము పట్టణమున బ్రవేశించెను.

రైలుమార్గమును కొద్దిదినములలో బాగుచేసిరి, సంతోషమే. కాని మరల నట్టి వాన వచ్చిననాడు మనలను గాచున దెవరు? గాలి యొక డిగ్రీ వేడెక్కినచో అది పట్టియుంచగల నీటియావిరి నూటికి ఇంచుమించు 7 వంతులు హెచ్చునని శాస్త్రజ్ఞులు తేల్చియున్నారు. కావున నెలదినముల వాన నొకనాడే గురియుట ఇక వింత గాబోదు.

మున్నేరు పాకాల యడవులలో బుట్టి గార్ల, డోర్నకలు సీమలమీదుగ ఖమ్మమునకు దిగుచున్నది. ఎగువ కొండ బోడియైనచో దిగువ పల్లెకు గండము తప్పదు. కాకతి గణపతిదేవుని కాలమున పాకాల చెరువును గట్టించినవారు కొండనీటి స్వభావ మెఱిగినవారు. వాలున జాఱిన నీటి నొక చెరువు పట్టును, దాని మత్తడి దూకిన నీరు క్రింది చెరువునకు జేరును, అటుపై మూడవదానికి. ఇట్టి గొలుసులో ఒక్క కట్ట తెగినను ఆ నీరంతయు క్రింది కట్టలమీద బడును.

ఏ తూము మొదట నెత్తవలెనో, ఏ కట్టకు ఎచ్చట చెమ్మ యూరుచున్నదో, ఏ వాగు మూసి ఎవరు వరి నాటిరో, కార్యాలయములలోని పటములు చెప్పజాలవు. ఊరి నీరటి చెప్పగలడు. చెరువులో వలవేయు బెస్త చెప్పగలడు. ఎగువ గూడెములోని కోయ, వాగొడ్డున గాపురమున్న లంబాడీ చెప్పగలరు. అయినను వరద వచ్చిన పిమ్మట వారికి బియ్యపుమూట లందించుటయేగాని, వరదకు ముందు వారి మాట వినుట మన యాచారములో లేదు.

2015లో మిషన్ కాకతీయ పేర 46 వేలకు పైబడిన చెరువుల నుద్ధరింప బూనిరి. పూడిక మన్ను పొలములకు బలమయ్యెను. అయితే పూడిక తీయుట యొక యెత్తు, దినదినము చెరువును గనిపెట్టియుండుట మఱియొక యెత్తు. ఉమ్మడి రాష్ట్రమున 1997లో వచ్చిన చట్టము నీటి సంఘముల నేర్పఱచెను. కాని వానిలో ఓటు భూమి గలవారికిని, దాఖలాకెక్కిన కౌలుదారులకును మాత్రమే దక్కెను. చేపలవానికి, పశుల కాపరికి, వరదకు మొదట బలియగు తండాకు ఓటులేని సభ్యత్వమువలన నేమి ఫలము?

లడాఖు పర్వతసీమను జూడుడు. అచ్చటి గ్రామములలో మంచు కరగిన నీటిని వంతులవారీగ బంచుటకు చుర్పోన్ అను నుద్యోగి గలడు. అతడు మన నీరటికి సోదరుడే. ఆ సీమలోనే ఇంజనీరు చెవాంగ్ నార్ఫెల్ గ్రామస్థులతో గలసి శీతకాలపు నీటిని మంచుగా నిలువచేయు కృత్రిమ హిమానీనదములను నిర్మించి, విత్తుకాలమున పొలములకు నీ రందించెను. ఇంజనీరు విద్యయు, గ్రామానుభవమును జతగూడినందుననే ఆ కార్యము నెఱవేఱినది.

మన సీమలోను ఏటేట మృగశిర కార్తెకు ముందే గ్రామసభ గూడి, కట్టలను నడచి చూచి, ఎగువ చెరువునుండి దిగువ చెరువునకు వార్త చేరవేయు మనుష్యులను నియమింపవలెను. నీరటికి నెలజీత మీయవలెను. సర్కారు ఇంజనీరు ఆ సభకు వచ్చి వినవలెను. వినిన పిదపనే అంచనాలు వ్రాయవలెను.

ఇక పాఠకులతో నొక్క కఠినమగు మాట. శిఖము భూమిని దున్నుకొనినవారిలో, మత్తడి వాగును పూడ్చి ప్లాట్లు వేసినవారిలో బీదలకంటె మన వంటివారే యెక్కువ కాదా? చెరువుగర్భమున మన మాక్రమించిన గుంటెడు నేలయే తండావాసి యింటిలోనికి నీరై ప్రవేశించుచున్నది. సర్కారు సర్వేయరు వచ్చి రాయి పాతువఱకు వేచియుండక, రాబోవు గ్రామసభలో ఆ భూమిని మనమే మొదట విడిచిపెట్టుదము. అప్పుడుగాని ఇతరులను కావలికి బిలుచుటకు మనకు నోరుండదు.