ఎన్నో టేకులో ఓకే?

ఫిల్మ్‌నగర్‌లో షూటింగు జరిగే చోట తరచుగా వినిపించే మాట "వన్ మోర్!" నటుడు మాట తడబడ్డాడనో, లైటు సరిగా పడలేదనో తీసిందే మళ్ళీ తీస్తారు. ఇలా మళ్ళీ మళ్ళీ తీయడంలో చక్కని లెక్క ఒకటి దాగి ఉంది.

అన్నపూర్ణ స్టూడియో 1976లో మొదలైన రోజుల్లో సినిమాలన్నీ ఫిల్ము మీదే తీసేవారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు పడతాయి. కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. అంటే సెకనుకు అడుగున్నర ఫిల్ము తిరుగుతుందన్నమాట! 20 సెకన్ల షాటుకు 30 అడుగులు. షాటు చెడితే ఆ 30 అడుగులూ దండగే, ఒకసారి వెలుగు సోకిన ఫిల్ము తిరిగి పనికిరాదు. ఇప్పటి డిజిటల్ కెమెరాలకు ఆ బాధ లేదు గాని, లెక్క మాత్రం అదే.

ఏ టేకైనా ఓకే అయ్యే సంభావ్యత 1/4 అనుకుందాం. ఒక టేకు ఫలితం మరో టేకు మీద ఆధారపడదనీ అనుకుందాం. మొదటి టేకే ఓకే కావడానికి సంభావ్యత 1/4. రెండోదానిలో ఓకే కావాలంటే ముందుది చెడి, తర్వాతది కుదరాలి: 3/4 × 1/4 = 3/16. మూడోదానిలో అయితే 3/4 × 3/4 × 1/4 = 9/64. ప్రతి పదమూ ముందు పదానికి 3/4 వంతు. చూశారా, మీరు పదో తరగతిలో చదివే గుణశ్రేఢే ఇది!

మరి సగటున ఎన్ని టేకులు పడతాయి? 100 టేకుల్లో సుమారు 25 ఓకే అవుతాయి కనుక, ఒక్కో ఓకేకు 4 టేకులు. అయితే 4 టేకులకు సరిపడా 120 అడుగుల ఫిల్ము ఉంచుకుంటే చాలునా? చాలదు. నాలుగూ చెడే సంభావ్యత 3/4ను నాలుగుసార్లు వేసి గుణిస్తే వస్తుంది: 81/256, దాదాపు 0.32. అంటే ఇలాంటి మూడు షాట్లలో ఇంచుమించు ఒకదానికి ఫిల్ము చాలదు! 8 టేకులకు సిద్ధపడినా పదింట ఒకటి మిగిలే ఉంటుంది.

"మూడు చెడ్డాయి, ఇక నాలుగోది ఖాయం" అనేవారూ ఉంటారు. కాదు, నాలుగోదానికీ 1/4 మాత్రమే. చెడిన టేకులను మన లెక్క గుర్తుపెట్టుకోదు. నటుడు గుర్తుపెట్టుకుంటాడు లెండి. భయపడి ఇంకా తడబడవచ్చు, తప్పు దిద్దుకోనూవచ్చు. అప్పుడు టేకులు స్వతంత్రం కావు, ఈ లెక్కా పనికిరాదు.

వేషాల కోసం వచ్చి పక్కనే కృష్ణానగర్‌లో గదులు అద్దెకు తీసుకునే యువకుల సంగతి ఆలోచించండి. ఒక్కో ప్రయత్నంలో వేషం దొరికే అవకాశం నూటికి ఒకటి అనుకుందాం. 100 చోట్లకు తిరిగితే వేషం తప్పకుండా దొరుకుతుందా? 0.99ను 100 సార్లు వేసి గుణిస్తే దాదాపు 0.37 వస్తుంది. అంటే అలా తిరిగిన ప్రతి వందమందిలో సుమారు 37 మంది ఉత్తచేతులతోనే మిగులుతారు. ఆ మిగిలేవారు వందకు ఐదుగురికి తగ్గాలంటే ఒక్కొక్కరు దాదాపు 300 చోట్లకు తిరగాలి. అదీ ప్రయత్నాలు స్వతంత్రమైతేనే. అందరూ ఒకే లోపం చూసి కాదంటున్నప్పుడు అన్నీ కలిపి ఒక్క ప్రయత్నంతో సమానం. ముందు ఆ లోపం సంగతి చూసుకోవాలి.

ఇక మీకొక లెక్క. షాటు నిడివి 30 సెకన్లు, టేకు ఓకే అయ్యే సంభావ్యత 1/5, కెమెరాలో 400 అడుగుల ఫిల్ము ఉంది. షాటు ఓకే కాకుండానే ఫిల్ము అయిపోయే సంభావ్యత ఎంత? మధ్యలో తెగిన టేకును లెక్కలోకి తీసుకోకండి.