గెలిచిన మాట... నిలిచిన పాట

పదిహేను, పదహారేళ్ల పిల్లలున్న ఇళ్లల్లో ఈమధ్య కొత్త కొత్త పేర్లు వినిపిస్తున్నాయి. కెండ్రిక్ లమార్, డ్రేక్, టూపాక్, బిగ్గీ! హన్మకొండలో మా ఇంట్లో ఇంటర్ చదివే మా అబ్బాయి కెండ్రిక్ పక్షం. సెలవులకు వచ్చే మా ఆడబిడ్డ కొడుకు డ్రేక్ పక్షం. కంచాల ముందు కూర్చుంటే చాలు, వాదన మొదలు. "యాభై ఏండ్ల తర్వాత ఎవరి పాట ఉంటదో చెప్పు" అని ఒకడు. "ఎంతమంది విన్నరో లెక్క చూడు" అని ఇంకొకడు. మధ్యలో మా అత్తమ్మ "ఎవలురా వాళ్లు? మన దిక్కోళ్లేనా?" అని అడుగుతుంది.

వాళ్లు మన దిక్కువాళ్లు కారు గానీ, ఆ పోట్లాట మాత్రం మనకు కొత్తది కాదు. ఇద్దరు మాటకారులు ఎదురుబొదురుగా నిలబడటం, లయ తప్పకుండా ప్రాస తప్పకుండా ఒకరినొకరు దులిపేయడం, చుట్టూ జనం రెండు జట్లుగా చీలి ఈలలు వేయడం... ఇదంతా తెలుగువాళ్లకు తాతలనాటి వేడుకే. ఆ పోటీ అయిపోయాక మిగిలేదేమిటన్నదే అసలు ప్రశ్న.

స్కూలు బట్టల కోసం మొదలైన ఆట

ముందు వాళ్ల సంగతి చూద్దాం. ర్యాప్ పుట్టిన హిప్-హాప్ సంబరానికి అమెరికాలో ఒక పుట్టినరోజే ఉంది. 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేదల పేటలో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయికి బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలనిపించింది. చేతిలో డబ్బు లేదు. తాముండే అపార్ట్‌మెంట్ హాల్లో పార్టీ పెట్టి, తలా కొన్ని సెంట్లు టికెట్ పెట్టింది. రికార్డులు తిప్పే పని అన్నకు అప్పగించింది. ఆ అన్నే కూల్ హెర్క్. చరిత్రలో పెద్దక్షరాలతో ఉన్నది అన్న పేరు. ఉపాయం మాత్రం చెల్లెలిది! ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

రికార్డు తిరుగుతుంటే మైకు పట్టుకుని మాటలు కట్టేవాళ్లు వచ్చారు. మాటకారులు ఇద్దరైతే పోటీ, పోటీ ముదిరితే పగ. 1990ల్లో ఆ దేశపు తూర్పు తీరం వాళ్లు, పడమటి తీరం వాళ్లు అని పాటలే రెండుగా చీలాయి. ఒకప్పుడు స్నేహితులైన టూపాక్, బిగ్గీ పాటల్లో బద్ధశత్రువులయ్యారు. 1996 సెప్టెంబరులో టూపాక్, 1997 మార్చిలో బిగ్గీ తుపాకీ గుళ్లకు బలైపోయారు. ఒకరికి పాతికేళ్లు, ఇంకొకరికి ఇరవై నాలుగు. పాటల పగే ప్రాణాలు తీసిందని మనం తీర్పు చెప్పలేం. కానీ ఆ పగకు చప్పట్లు కొట్టిన చేతులు చాలానే ఉన్నాయి.

ఇక 2024లో కెండ్రిక్, డ్రేక్‌ల మధ్య పాటల యుద్ధం జరిగింది. మే నెల మొదట్లో రోజుకొక పాట, పాటకొక జవాబు. మే 4న కెండ్రిక్ వదిలిన పాట 2025 ఫిబ్రవరిలో ఐదు గ్రామీ అవార్డులు తెచ్చుకుంది. ఆ మరుసటి వారం సూపర్ బౌల్ ఆటల మధ్య వేదిక మీద అదే పాట కోట్లమంది ముందు మోగింది. తిట్టుపాటకు దేశపు పెద్ద బహుమతులు రావడమేమిటని ముక్కున వేలేసుకోకండి. మన దగ్గర తిట్టుపద్యాలకు ఏనుగు అంబారీలే దక్కాయి!

మీసం మెలేసిన కవులు

పదిహేనో శతాబ్దపు శ్రీనాథుణ్ణి చూడండి. విజయనగరంలో గౌడ డిండిమభట్టుతో వాదానికి దిగి, గెలిచి, ఆయన కంచుఢక్కను పగలగొట్టించాడని, ప్రౌఢదేవరాయల చేత బంగారు నాణేలతో స్నానం చేయించుకున్నాడని చెప్పుకుంటారు. ఓడినవాడి వాద్యాన్నే పగలగొట్టడం కంటే పెద్ద అవమానం ఏ ర్యాపరు చేయగలడు?

ఇంకాస్త దగ్గరికి వద్దాం. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఇద్దరూ జంటగా తిరుపతి వేంకట కవులు. శతావధానాలతో ఊరూరా దిగ్విజయం చేశారు. నూరుగురు నూరు రకాల చిక్కులు పెడుతుంటే, ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాదం చెబుతూ, చివరికి అన్ని పద్యాలూ గుర్తుంచుకుని అప్పజెప్పడమే శతావధానం. బ్రాహ్మణ పండితులకు మీసమేమిటని ఎవరో అంటే, రెండు భాషల్లోనూ మేమే కవీంద్రులమని తెలియడానికే పెంచామని, మమ్మల్ని గెలిచిన కవి ఉంటే మీసాలు తీసి మొక్కుతామని పద్యంలోనే సవాలు విసిరారు!

ఆ సవాలుకు దీటుగా గుంటూరు సీమ నుంచి కొప్పరపు సోదర కవులు లేచారు. అన్న వేంకట సుబ్బరాయకవి, తమ్ముడు వేంకట రమణకవి. వీళ్ల బలం ఆశువు. వస్తువు ఇవ్వడమే ఆలస్యం, గంటకు వందల లెక్కన పద్యాలు దొర్లేవి. ఈ రెండు జంటల నడుమ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెద్ద రగడ నడిచింది. సభల్లో సవాళ్లు, పత్రికల్లో ఉత్తరాలు, ఖండనల మీద ఖండనలు. ఊళ్లకు ఊళ్లు పక్షాలుగా చీలిపోయాయి. ఫోన్లు లేవన్న మాటే గానీ, పిల్లలు ఇప్పుడు చేస్తున్నదంతా మన తాతలు అప్పుడే చేశారు.

మిగిలిందేమిటి?

వందేళ్లు గడిచాయి. ఆ రగడలో ఎవరు ఎవర్ని ఏమన్నారో సాహిత్యం చదివినవాళ్లకు తప్ప తెలియదు. కానీ పల్లెటూళ్లో కృష్ణరాయబారం నాటకమంటే, బడికి పోని ముసలాయన కూడా తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ పద్యం ఎత్తుకుంటాడు. మా బాపు కూడా స్నానానికి నీళ్లు తోడుకుంటూ అవే పద్యాలు రాగం తీసేవాడు. కవులెవరని అడిగితే మాత్రం "ఎవరైతేనేం, పద్యం మంచిగుంది కదా" అనేవాడు! కవికి ఇంతకంటే గెలుపు ఉంటుందా?

అదే కొప్పరపు కవుల ఆశుపద్యాల్లో ఎక్కువ భాగం గాలిలో కలిసిపోయింది. వాళ్ల ప్రతిభ తక్కువై కాదు. అంత వేగంగా చెబుతుంటే రాసిపెట్టే చేయి వెనకబడింది. మాట ఎంత గొప్పదైనా, ఇంకొకరి నోట్లోనో కాగితం మీదో నిలవకపోతే సభతోపాటే లేచిపోతుంది.

వేంకటశాస్త్రిగారి సంగతి ఇంకొకటి చెప్పాలి. తిరుపతిశాస్త్రి చనిపోయాక కూడా ఆయన తాను రాసినవాటికి జంటపేరే పెట్టుకున్నారు. బందరులో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో విశ్వనాథ సత్యనారాయణ ఒకరు. శత్రువుల మీద వేసిన పద్యాలకంటే, స్నేహితుడి పేరును విడవకపోవడం, శిష్యులను తయారుచేయడం ఆయన్ని ఎక్కువకాలం నిలబెట్టాయనిపిస్తుంది నాకు.

మన తెలంగాణకూ ఒక సవాలు ఎదురైంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకరు అన్నారు. సురవరం ప్రతాపరెడ్డిగారు తిట్టుకు తిట్టు కట్టలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మందితో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేయించారు. అంతే, నోళ్లు మూతపడ్డాయి. జవాబు అంటే అదీ!

తిట్లలో ఆడవాళ్లు, పాటల్లో ఆడవాళ్లు

ఈ పోట్లాటల్లో నాకు మింగుడుపడనిది ఒకటుంది. మగవాళ్లిద్దరు తిట్టుకుంటే మధ్యలోకి వచ్చేది ఎవరు? భార్య, తల్లి, చెల్లి. టూపాక్ తన పగ తీర్చుకోవడానికి బిగ్గీ భార్యను పాటలోకి లాగాడు. కెండ్రిక్, డ్రేక్‌లు కూడా ఎదుటివాడి ఇల్లాలిని, ఇంటిగుట్టును వదల్లేదు. ఆ మంటలన్నీ ఆరాక బూడిద ఎత్తేది కూడా ఆడవాళ్లే. 1999లో ఒక పెద్ద సంగీత అవార్డుల సభలో టూపాక్ తల్లి అఫేనీ, బిగ్గీ తల్లి వొలెట్టా ఒకే వేదిక మీద పక్కపక్కన నిలబడ్డారు. కడుపుకోత తెలిసిన ఇద్దరు తల్లులకు తూర్పేమిటి, పడమరేమిటి?

అలాగని ఆడపిల్లలు మాట పడి ఊరుకున్నారనుకునేరు! 1984లో ముగ్గురు కుర్రాళ్లు, తమను లక్ష్యపెట్టని రొక్సాన్ అనే అమ్మాయి మీద ఎగతాళి పాట కట్టారు. న్యూయార్క్‌లోని 14 ఏళ్ల పిల్ల ఒకతె 'నేనే ఆ రొక్సాన్‌ని' అంటూ జవాబు పాట పాడింది. బట్టలు ఉతికించడానికి వెళ్తూ, దారిలో ఆగి రికార్డు చేసి పోయిందట! దాని మీద జవాబులకు జవాబులుగా డజన్లకొద్దీ పాటలు వచ్చాయి. ఆ పిల్లే రొక్సాన్ షాంటే. 2025లో గ్రామీ సంస్థ ఆమెను జీవిత సాఫల్య పురస్కారంతో గౌరవించింది. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన మన తెలుగమ్మాయి శ్వేతా యల్లాప్రగడ, రాజకుమారి పేరుతో ర్యాప్ పాడుతూ 2019లో ఎంటీవీ ర్యాప్ పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చుంది. మైకు మగవాళ్ల సొత్తు కాదు మరి.

మన పెళ్లిబంతిలో...

అసలు తిట్టుపాటలో మనకంటే గట్టివాళ్లెవరు చెప్పండి! పెళ్లిలో బంతి సాగుతుంటే ఆడపెళ్లివారు, మగపెళ్లివారు ఎదురెదురు కూర్చుని వియ్యపురాళ్ల మీద పాడే పాటలు మీకు గుర్తున్నాయా? వియ్యపురాలి నడక మీద, నగల మీద, తిండి మీద, తెచ్చిన సారె మీద అప్పటికప్పుడు చరణం కట్టడం, అవతలివాళ్లు అదే వరసలో తిప్పికొట్టడం! పరకాల దిక్కున మా అమ్మమ్మ ఈ పాటల్లో పేరుమోసిన మనిషి. ఆమె చెప్పే నియమం ఒక్కటే. "నవ్వొచ్చేటట్టు తిట్టాలె, ఏడుపొచ్చేటట్టు తిట్టొద్దు. పాట అయినంక ఒక్క ఇస్తార్లో తినాల్నాయె." చనిపోయిన పిల్లల ఊసు, పేదరికం ఊసు ఎత్తకూడదట. పిల్లలతో ర్యాప్ గురించి మాట్లాడాల్సి వస్తే ఫోను లాక్కోకండి. అమ్మమ్మ చెప్పిన ఈ గీత ఎక్కడుందో చెప్పండి. "ఈ మాట వాడి పాట మీద వేసిందా, వాళ్లమ్మ మీద వేసిందా?" అని అడిగి చూడండి. మా వాళ్లిద్దరూ ఆ ప్రశ్నకు జవాబు కోసం పాటంతా మళ్లీ విన్నారు.

కానీ ఇప్పటి పెళ్లిళ్లలో డీజే మోతకు బంతిపాట వినబడటం లేదు. అప్పటి మన వరంగల్ జిల్లా దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజుగారు 1950ల్లోనే జానపద గేయాల మీద పరిశోధన చేసి, డాక్టరేటు పొంది, మన పాటలు పుస్తకాలకెక్కే దారి వేశారు. అయినా ఆయనొక్కరు ఎన్ని ఊళ్లు తిరగగలరు? ఎన్ని వంటిళ్లలోకి వెళ్లగలరు? అక్కడికి వెళ్లగలిగేది మనమే.

ఈ ముహూర్తాల్లో పెళ్లికి వెళ్తే, పట్టుచీర ఫొటోలు తీసిన ఫోన్లోనే పెద్దవాళ్ల పాట ఒకటి పట్టండి. ఇంటికి వచ్చాక నోట్‌బుక్కులో రాసిపెట్టండి. పైన పాడినామె పేరు, ఊరు, ఆమెకు నేర్పిన మనిషి పేరు కూడా రాయండి. సిండీ పేరు చిన్నక్షరాల్లో పోయింది, మన పెద్దవాళ్ల పేర్లు అసలే లేవు. రేపెవరైనా "మీ ఊళ్లో ఆడవాళ్లకు కవిత్వమెక్కడిది?" అంటే, కోపం తెచ్చుకునే పని లేదు. ఆ నోట్‌బుక్కు తీసి చేతిలో పెడితే చాలు.