పంజరంలో పక్షి ఏం చేస్తోంది? చూసి రాయడం ఇలా

సెలవుల్లో మన కుటుంబాలు చాలావరకు నాందేడ్‌లో రైలెక్కి హైదరాబాద్ వెళ్తుంటాయి. అక్కడ మీర్ ఆలం చెరువు పక్కన, 1963లో తెరిచిన నెహ్రూ జూపార్కులో పెద్ద పక్షిశాల ఉంది. పిల్లలూ, ఈసారి ఫోటోలతో సరిపెట్టకుండా ఒక నోటుబుక్కు, పెన్సిలు, గడియారం పట్టుకెళ్లండి. (సోమవారం జూకు సెలవు.)

కనబడింది రాయాలి, అనుకున్నది కాదు. "చిలుకకు కోపమొచ్చింది" అంటే అది మన ఊహ. "ముక్కు తెరిచి పక్కదాని మీదికి మెడ చాచింది" అంటే అది పరిశీలన. దుకాణాల్లో లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మే రంగురంగుల చిన్న పిట్టలు చాలావరకు ఆస్ట్రేలియా బడ్జరిగార్లు. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి. బడ్జరిగార్లు ముక్కూ ముక్కూ కలిపితే ముద్దు పెట్టుకుంటున్నాయని మురిసిపోతాం. చాలాసార్లు అక్కడ జరిగేది, ఒకటి తాను మింగిన గింజలను పైకి తెచ్చి జతపక్షి నోట్లో పెట్టడం.

అందుకే ముందుగా గడులు గీసుకోవాలి: తినడం, ఈకలు సవరించుకోవడం, కదలడం, ఊరికే కూర్చోవడం, ఇంకో పక్షితో వ్యవహారం, ఇతరం. ఏది ఏ గడిలోకి వస్తుందో ఒక్కో వాక్యంలో రాసి పెట్టుకోండి. ఇలాంటి పట్టికను ఎథోగ్రామ్ అంటారు.

కొంతసేపు కదలకుండా కూర్చుని, పక్షులు మిమ్మల్ని పట్టించుకోవడం మానాక మొదలుపెట్టండి. నిమిషానికోసారి ఒక్కో పక్షి ఆ క్షణంలో ఏం చేస్తోందో చూసి గీత పెట్టాలి. నాలుగు పక్షులు, పది నిమిషాలు అంటే 40 గీతలు. అందులో 18 ఊరికే కూర్చోవడమైతే 45 శాతం. కంటికి నచ్చినప్పుడల్లా రాసుకుంటే కొట్లాటలే ఎక్కువ కనిపిస్తాయి, కునుకు తీసే పక్షి లెక్కలోకే రాదు. కెన్యా బబూన్లను పరిశీలించిన జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఈ తేడాను వివరంగా రాశారు. ఆ పద్ధతులే నేటికీ వాడుతున్నారు.

ఇంట్లో బడ్జరిగార్లున్న తల్లిదండ్రులకు ఈ పట్టిక ఇంకా ముఖ్యం. పక్షి జబ్బును చాలాకాలం బయటపడనీయదు. రోజూ ఒకే వేళ గీతలు పెడితే, తినడం తగ్గినా, పగలంతా ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటున్నా తొందరగా తెలుస్తుంది. తన ఈకలు తానే పీక్కోవడం, కొమ్మ మీద అటూ ఇటూ ఒకే దారిలో అదేపనిగా తిరగడం కనిపిస్తే వేరే గడిలో రాసి పశువైద్యుడికి చూపించండి. పంజరం ఇరుకైనా, తోడు లేకున్నా అలా చేయవచ్చు.

రామచిలుకను మాత్రం ఇంట్లో పెంచకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. వేపచెట్టు మీదికి వచ్చేవాటిని మేడ మీంచి చూడండి. పట్టిక అదే, "కనిపించలేదు" అనే గడి ఒకటి కలపాలి, మధ్యలో ఎగిరిపోతాయి కదా!