యానిమేషన్‌లో పీజీ: సీటుకు ముందు ఏడాది సంగతి



ప్రతి ఏటా ఈ సంచికలో మా విద్యా కమిటీ తరఫున ఎంతమందికి ఫీజులు కట్టామో, ఎంతమంది పాసయ్యారో లెక్క ఇస్తుంటాం. ఆ లెక్క ఈసారి కూడా వెనుక పేజీల్లో ఉంది. ఇక్కడ మాత్రం ఏ లెక్కలోకీ రాని ఒక అమ్మాయి సంగతితో మొదలుపెట్టాలి.

మూడేళ్ల క్రితం ఒక టైలరు గారి అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. అప్పుడు బీకాం ఆఖరి సంవత్సరం చదువుతోంది. చేతిలో నాలుగు నోటుపుస్తకాలు. తెరిస్తే అన్నీ బొమ్మలే. వీధిలో మేకలు, కుట్టుమిషను మీదికి వంగిన తండ్రి వీపు, వుజూ చేస్తున్న ముసలాయన. ఒక పుస్తకంలో పేజీలు గబగబా తిప్పితే మేక గోడెక్కి అవతలికి దూకేది. యానిమేషన్‌లో పీజీ చేయాలని ఉంది, దారి చెప్పండి, కాస్త సాయం చేయండి అని అడిగింది. మేము మా నియమం చెప్పాం: "సీటు లెటర్ తీసుకురామ్మా, ఫీజు సంగతి మేము చూస్తాం." ఆమె మళ్లీ రాలేదు. తర్వాత తెలిసింది, ప్రవేశ పరీక్ష దరఖాస్తు గడువు ఆమె మా దగ్గరికి వచ్చిన ఆ నెలలోనే ముగిసిందని. ఆ గడువు ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

మా నియమం చెడ్డదేమీ కాదు. ఇంజనీరింగుకు సరిగ్గా సరిపోతుంది. ఈఏపీసెట్ రాస్తారు, ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగులో సీటు వస్తుంది, అప్పుడు డబ్బు కావాలి. యానిమేషన్ పీజీ అలా కాదు. అక్కడ సీటు ఇచ్చేది చేత్తో గీసి చూపించిన పనిని బట్టి. ఆ పని కూడగట్టడానికి కనీసం ఒక ఏడాది పడుతుంది. మన పిల్లలు జారిపోయేది ఆ ఏడాదిలోనే. సీటు వచ్చిన తర్వాత ఇచ్చే డబ్బు ఈ చదువుకు ఆలస్యంగా చేరుతుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

ముందు ఆ పని ఎంతటిదో చూద్దాం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. చేత్తో గీసే యానిమేషన్‌లో సాధారణంగా ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలుపుతారు. అంటే సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720. కంప్యూటర్ వచ్చాక గీత పని తగ్గింది గానీ ఆలోచన పని తగ్గలేదు. బరువు మోసే మనిషి నడక వేరు, చేతులూపుకుంటూ వెళ్లే మనిషి నడక వేరు. ఆ తేడా పట్టుకోవడం కంటికి రావాలి. సాఫ్ట్‌వేర్ దాన్ని ఇవ్వదు.

"బొమ్మలు గీయడానికి డిగ్రీ మీద డిగ్రీ ఎందుకు మాస్టారూ?" అని దాతలు అడుగుతూనే ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. స్టూడియోలో ఉద్యోగానికి పీజీ తప్పనిసరి కాదు. అక్కడ ముందు అడిగేది షోరీల్, అంటే తాను చేసిన పనిలో మంచివి ఏరి కూర్చిన రెండు నిమిషాల వీడియో. సర్టిఫికెట్ తర్వాత చూస్తారు. పీజీ కావలసింది ఇంకో రకం పిల్లలకు: కథ తానే అల్లాలనుకునేవారికి, పాత్రలను తానే రూపొందించాలనుకునేవారికి, దర్శకత్వం వైపు వెళ్లేవారికి, కాలేజీలో పాఠం చెప్పాలనుకునేవారికి. పాఠం చెప్పాలంటే మాస్టర్స్ డిగ్రీ కావాలి, ఆపైన యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్స్ లాంటి సబ్జెక్టు రాయాలి. మా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లవాడికీ పీజీ చేయించాలని మేము అనడం లేదు. కొందరికి "ముందు ఉద్యోగంలో చేరు నాయనా" అని చెప్పడమే మేలు.

రెండో ప్రశ్న కొంచెం నెమ్మదిగా అడుగుతారు: ప్రాణుల బొమ్మలు గీసే చదువుకు మన డబ్బు ఇవ్వవచ్చా అని. దీని మీద మన ఉలమాలో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. మేము బడిపంతుళ్లం, ఫత్వా మా పని కాదు. ఎవరి మౌలానా సాబ్‌ను వారు అడిగి తెలుసుకోవాలి. సొసైటీలో జకాత్ ఖాతా వేరు, సదఖా ఖాతా వేరు. తన డబ్బు దేనికి వాడాలో, దేనికి వాడకూడదో దాత రాసి ఇస్తే దాని ప్రకారమే నడుచుకుంటున్నాం. అయితే ఒక్క మాట. మన పిల్లలు రోజూ చూస్తున్న బొమ్మల సినిమాలు ఎవరో ఒకరు తీస్తున్నవే. మలేషియాలో 'ఉపిన్ ఇపిన్' అనే కవల పిల్లల ధారావాహిక ఉంది. 2007లో అది మొదలైంది చిన్నపిల్లలకు రంజాన్ ఉపవాసం గురించి చెప్పడానికే. తర్వాత దేశదేశాల పిల్లలు దాన్ని చూశారు. అలాంటిది తీయాలంటే ఆ పని నేర్చినవారు మనలో ఉండాలి కదా.

ఉద్యోగాల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. హైదరాబాదులో ఈ పరిశ్రమ గట్టిగానే ఉంది. 'ఛోటా భీమ్' తీసిన గ్రీన్ గోల్డ్ సంస్థ అక్కడిదే. దాన్ని 2001లో స్థాపించిన రాజీవ్ చిలక మొదట చదివింది కంప్యూటర్ సైన్స్. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి యానిమేషన్ నేర్చుకున్నారు. రెండో వైపు చూస్తే, 'లైఫ్ ఆఫ్ పై' సినిమాలో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదులోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమా గ్రాఫిక్స్‌కు ఆస్కార్ వచ్చింది. అదే నెలలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. ఇప్పుడు ఏఐ వచ్చి చిల్లర పనులను, అంటే ఫ్రేము ఫ్రేముకూ అంచులు కత్తిరించడం లాంటివాటిని, మింగేస్తోంది. కొత్తవాళ్లు ఇదివరకు చేరేది ఆ పనుల్లోనే. అందుకే సాఫ్ట్‌వేర్ మీటలు మాత్రమే నేర్చినవాడి కన్నా బొమ్మ, కథ తెలిసినవాడికి నిలదొక్కుకునే అవకాశం ఎక్కువని మా అభిప్రాయం.

ఇక దారులు. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్‌లో ఎం.డిజైన్ ఉంది. రెండున్నరేళ్ల చదువు. దానికి డీఏటీ పరీక్ష ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు దశల్లో జరుగుతుంది. ముంబై ఐఐటీలోని ఐడీసీ డిజైన్ స్కూల్లో యానిమేషన్ ఎం.డిజైన్ రెండేళ్లు. అక్కడికి దారి సీడ్ అనే పరీక్ష, ఏటా జనవరిలో జరుగుతుంది. మన హైదరాబాద్ ఐఐటీ డిజైన్ విభాగం కూడా సీడ్ మీదే పిల్లలను తీసుకుంటుంది. కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో యానిమేషన్ సినిమా మూడేళ్ల పీజీగా ఉంది. ఇంటర్ పూర్తయిన పిల్లలైతే ఇంత దూరం ఆలోచించే ముందు హైదరాబాదు మాసాబ్ ట్యాంకులోని జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ యానిమేషన్ చూడాలి.

సీడ్ గురించి ఒక్క సంగతి ప్రతి తల్లీదండ్రీ తెలుసుకోవాలి. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల డిగ్రీ ఉంటే చాలు, బీకాం అయినా బీఎస్సీ అయినా ఒకటే. వయోపరిమితి లేదు, ఎన్నిసార్లైనా రాయవచ్చు. పరీక్షలో ఎక్కువ భారం కాగితం మీద బొమ్మ గీసే రెండో భాగం మీదే ఉంటుంది.

మేము ఎక్కువగా దెబ్బతిన్నది కూడా ఈ అర్హత దగ్గరే. కొన్నేళ్ల క్రితం ఒక కుర్రవాడు ఇంటర్ కాగానే మెయిన్ రోడ్డు మీది ఒక ప్రైవేటు అకాడమీలో రెండేళ్ల "డిప్లొమా"లో చేరాడు. అద్దాల తలుపులు, ఏసీ గదులు, వాయిదాల్లో ఫీజు. సగం ఫీజు మేమే కట్టాం. పీజీకి వెళ్దామని దరఖాస్తు తెరిస్తే డిగ్రీ ఏదని అడిగింది. అతని చేతిలో ఉన్న కాగితం డిగ్రీ కాదు. ఇప్పుడు దూరవిద్యలో బీఏ చదువుతున్నాడు. చేరే ముందు ఆ కాగితం ఏ విశ్వవిద్యాలయం ఇస్తుందో మేము అడగలేదు. తప్పు మాది.

తయారీ ఏడాది అంటే ఇలా ఉంటుంది. డిగ్రీ రెండో సంవత్సరం వేసవి సెలవుల్లో మొదలుపెట్టాలి. రోజూ గంటసేపు ఎదురుగా కనిపించేది చూసి గీయాలి. బస్టాండులో మనుషులు, కోళ్లు, చేతులు, పాదాలు. ఫోనులో ఫొటో చూసి గీసేది లెక్కలోకి రాదు. దసరా సెలవులకల్లా చిన్న కథ ఒకటి స్టోరీబోర్డుగా, అంటే గళ్లలో వరుస బొమ్మలుగా, వేయాలి. మూడో సంవత్సరం మొదలయ్యేసరికి ముప్పై సెకన్ల సినిమా ఒకటి చేతిలో ఉండాలి. అక్టోబరు నుంచి దరఖాస్తుల మీద కన్ను వేయాలి, జనవరిలో పరీక్ష. ఆ తర్వాత ఇంటర్వ్యూ పిలుపులు. అక్కడ పోర్ట్‌ఫోలియో తెరిచి చూస్తారు. అందులో కాపీ కొట్టిన జపాను కార్టూన్లు పది ఉన్నా లాభం లేదు. మా టైలరు గారి అమ్మాయి గీసిన తండ్రి వీపు ఒక్కటి చాలు.

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలన్నది అపోహ. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. 2025లో ఆస్కార్ గెలిచిన 'ఫ్లో' అనే లాత్వియా యానిమేషన్ సినిమా దానితో తీసిందే. బొమ్మలకు క్రిటా ఉంది, అదీ ఉచితమే. కావలసింది కాస్త మంచి కంప్యూటర్, నాలుగైదు వేల రూపాయల డ్రాయింగ్ టాబ్లెట్, కాగితాలు, పరీక్ష ఫీజులు, ఇంటర్వ్యూకు రైలు ఖర్చు. ఆడపిల్ల అయితే తోడు వెళ్లే తండ్రికో అన్నకో రెండో టికెట్. ఒక్కో విద్యార్థికి ఈ మొత్తం ఒక ఇంజనీరింగు విద్యార్థి ఏడాది ఫీజులో చిన్న భాగమే అవుతుంది. సీటు వచ్చాక ఫీజు, హాస్టల్ ఖర్చులు పెద్దవే. వడ్డీ రుణం వద్దనుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి కాబట్టి అక్కడ ఖర్జె హసనా నిధి అక్కరకు వస్తుంది.

సర్టిఫికెట్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ సీటు పోగొట్టేది అదే. రాష్ట్రంలో బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన కేంద్ర సంస్థల్లో ఓబీసీ వర్తించదు, కేంద్ర జాబితా వేరు. దూదేకులవారి పేరు అందులో ఉంది. కేంద్ర జాబితాలో లేని కుటుంబాలు, ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉంటే, మిగతా షరతులు చూసుకుని ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాలి. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడానికి ఎన్ని రోజులు పడుతుందో మీకు తెలుసు. సెప్టెంబరులోనే మొదలుపెట్టించాలి.

విదేశాల గురించి అడిగేవారికి ఒక్క మాట. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల వరకు ఇచ్చే ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది గానీ, అది ఫలానా శాఖల చదువులకే. కళల పీజీకి దాన్ని నమ్ముకుని ప్రణాళిక వేసుకోవద్దు.

ఈ ఏడాది నుంచి "సీటు లెటర్" నియమాన్ని ఈ ఒక్క చదువుకు సడలించాలని కమిటీ నిర్ణయించింది. ఏటా ఇద్దరికి తయారీ ఏడాది సాయం ఇస్తాం. మూడు నెలలకోసారి నోటుపుస్తకాలు తెచ్చి చూపించాలి. గీయకపోతే సాయం ఆగుతుంది. గ్రంథాలయం మేడ మీద గదిలో ఒక పాత కంప్యూటర్ పెట్టించాం. అసర్ నుంచి మగ్రిబ్ వరకు తెరిచి ఉంటుంది, శుక్ర, ఆదివారాలు ఆడపిల్లలకు మాత్రమే. దానికి ఇంకో ర్యామ్ కార్డు, రెండు టాబ్లెట్లు కావాలి. ఇవ్వదలచినవారు రసీదు మీద "తయారీ ఏడాది" అని రాయించండి.

టైలరు గారి అమ్మాయికి కబురు పంపాం. ఇప్పుడు బట్టల షాపులో బిల్లింగు చేస్తోంది. సీడ్‌కు వయోపరిమితి లేదని చెబితే కాసేపు ఏమీ అనలేదు. పాత పుస్తకాలు అటక మీద ఉన్నాయి, వచ్చే ఆదివారం దింపి తెస్తానంది.