గ్రామ కైఫియత్తుల అంతర్జాల పాఠం: కంటెయినర్లలో మీడియావికీ స్థాపన, అమరిక

వ్యాససంగ్రహం: అమరావతి ప్రాంతపు గ్రామ కైఫియత్తుల వంటి రచనలను కళాశాల తెలుగుశాఖ తన సొంత సర్వరుపై పరిష్కరించుకోవడానికి మీడియావికీని కంటెయినర్లలో స్థాపించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. పాఠం ఎక్కడ భద్రపడుతుంది, ఏ పొరపాటువల్ల నశిస్తుంది అన్నది ఇందులో ప్రధానాంశం.

కీలక పదాలు: కైఫియత్తులు, మీడియావికీ, డాకర్, కంటెయినర్, వాల్యూమ్, బ్యాకప్.

1. నేపథ్యం

కాలిన్ మెకంజీ 1816లో అమరావతి దిబ్బ వద్దకు తిరిగి వచ్చేనాటికే స్తూపఫలకాలు చాలా చెదిరిపోయాయి. కొన్ని శిల్పాలకు అప్పుడు గీయించిన చిత్రాలే నేటికి మిగిలిన ఆధారం. ఆయన సహాయకులు సేకరించిన కైఫియత్తులకూ ఇంచుమించు అదే గతి పట్టేది. మెకంజీ 1821లో మరణించిన తరువాత, శిథిలమవుతున్న ఆ కాగితాలకు సి.పి.బ్రౌన్ నకళ్లు రాయించాడు. కనుక పాఠాన్ని టైపు చేసి వెబ్‌సైటులో ఉంచడం ఒక్కటే చాలదు. అది ఏ ప్రతిలో నిలిచి ఉందో, దానికి నకలు ఎక్కడుందో కూడా తెలియాలి.

మూలపుట బొమ్మను, దాని పాఠాన్ని పక్కపక్కన చూపే సౌకర్యం తెలుగు వికీసోర్స్ వాడుకరులకు సుపరిచితం. అదే సాఫ్ట్‌వేరు మీడియావికీ. ప్రచురణానుమతి ఇంకా రాని ప్రతులపై పనిచేసే శాఖకు సొంత స్థాపన అవసరమవుతుంది.

2. స్థాపన

2013లో వెలువడిన డాకర్, ఒక అనువర్తనాన్ని దానికి కావలసిన సాఫ్ట్‌వేరుతో సహా 'ఇమేజ్'గా కడుతుంది. ఆ ఇమేజ్ నుండి నడిచే రూపమే కంటెయినర్. ఇక్కడ రెండు కంటెయినర్లు అవసరం: ఒకటి మీడియావికీకి, మరొకటి మరియాడీబీ డేటాబేసుకు. రెండింటి వివరాలనూ ఒకే కంపోజ్ ఫైలులో రాసి, 'డాకర్ కంపోజ్ అప్' ఆదేశంతో నడిపిస్తారు. 'లేటెస్ట్' అని వదిలేయకుండా రెండింటి వెర్షన్ సంఖ్యలనూ స్పష్టంగా రాయడం మేలు.

తరువాత బ్రౌజరులో స్థాపన పుట తెరుచుకుంటుంది. అక్కడ భాషగా తెలుగును ఎంచుకోవచ్చు. కొత్తవారు ఎక్కువగా తడబడేది డేటాబేసు చిరునామా వద్ద. 'లోకల్‌హోస్ట్' అని రాస్తే మీడియావికీ తన కంటెయినర్‌లోనే డేటాబేసును వెతుకుతుంది, దొరకదు. కంపోజ్ ఫైలులో డేటాబేసుకు పెట్టిన పేరునే అక్కడ రాయాలి. చివరగా లభించే 'లోకల్‌సెట్టింగ్స్' ఫైలును దింపుకొని కంటెయినర్‌కు జతచేయాలి. సర్వరు చిరునామా మారినప్పుడు ఈ ఫైలులోనూ మార్చకపోతే లంకెలు పాత చిరునామాకే పోతాయి.

3. పాఠం నిలిచే చోటు

కంటెయినర్‌ను ఆపి మళ్లీ నడిపితే ఏమీ పోదు. తొలగించి కొత్తది సృష్టిస్తే మాత్రం దాని లోపల రాసినదంతా పోతుంది. వెర్షన్ మార్చిన ప్రతిసారీ జరిగేది ఈ తొలగింపే. అందువల్ల డేటాబేసు సంచయాన్ని, పుటల బొమ్మలున్న సంచయాన్ని కంటెయినర్ వెలుపలి వాల్యూములకు ముందే కలపాలి. పుటనూ పాఠాన్నీ జతచేసే 'ప్రూఫ్‌రీడ్ పేజ్' పొడిగింపును విడిగా చేర్చుకోవాలి. నడుస్తున్న కంటెయినర్‌లోకి చొరబడి దాన్ని చేతితో స్థాపించడం తాత్కాలికమే, ఇమేజ్ నిర్మాణ ఫైలులో రాస్తేనే శాశ్వతం.

వాల్యూమ్ కూడా అభేద్యం కాదు. 'డాకర్ కంపోజ్ డౌన్' ఆదేశానికి 'వి' అన్న ఒక్క అక్షరాన్ని ఐచ్ఛికంగా చేరిస్తే, ఆ ఫైలులో ప్రకటించిన వాల్యూములూ తుడిచిపెట్టుకుపోతాయి. నెలల తరబడి పరిష్కరించిన పాఠం పోవడానికి అదొక్కటి చాలు! వాల్యూమ్ ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు.

డేటాబేసు ఎగుమతి, బొమ్మల సంచయం, లోకల్‌సెట్టింగ్స్ ఫైలు, కంపోజ్ ఫైలు, ఇమేజ్ నిర్మాణ ఫైలు కలిస్తేనే బ్యాకప్ పూర్తవుతుంది. పుటల ఎక్స్‌ఎంఎల్ ఎగుమతిలో పాఠమూ దాని సవరణ చరిత్రా వస్తాయి గాని, వాడుకరి ఖాతాల పాస్‌వర్డులు రావు. ఈ నకలును వేరొక కంప్యూటరుపై తిరిగి నిలబెట్టి, ఒక కైఫియత్తు పుటను మూలపు బొమ్మతో పోల్చి చూడాలి. అరసున్నలు, బండి-ఱలు ఉన్నవున్నట్టు కనిపించాలి. వాటి స్థానంలో ప్రశ్నార్థక చిహ్నాలు వస్తే ఎగుమతిలోనో దిగుమతిలోనో అక్షరసంకేతనం మారి ఉంటుంది. పాత సర్వరు నడుస్తుండగానే ఎగుమతిని మళ్లీ చేయాలి.